చుక్క లేని సంతకం

పిల్లలు నాకు పెట్టిన పేరు భూతద్దం. నా వెనక అనుకుంటారు, నాకు తెలియదనుకుంటారు. ఈ బళ్లో నాకు తెలియనిది ఏదీ లేదని ముప్ఫై ఒక్క ఏళ్లుగా నా నమ్మకం. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి, ప్రతి మెట్టూ చూడనిదే జవాబును నమ్మను. మనుషుల్నీ అలాగే చూశాను. మా ఆయనైతే, "పంచదార డబ్బా మీద కూడా పట్టీ అంటించి సంతకం పెట్టరాదూ, ఓ పనైపోతుంది" అంటారు. అంటే అననీ. రోజూ రెండు చెంచాలు ఎక్కువ వేసుకుంటున్నారని కనిపెట్టింది నేనే కదా.

ఆ ఏడాది పదో తరగతి పరీక్షలకు మా బడి కేంద్రం. మూడు బళ్ల నుంచి రెండు వందల ఎనభై మంది పిల్లలు. కేంద్రానికి చీఫ్‌ని నేను. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాను. ఇన్నేళ్లలో నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. నిప్పులా బతికాను. ఆ మాట నేనే చెప్పుకుంటాను. ఇంకొకళ్లు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

ప్రశ్నపత్రాల ప్యాకెట్లు పరీక్షలకు పది రోజుల ముందే లక్క సీళ్లతో వస్తాయి. వాటిని ఆఫీసు వెనక చిన్న గదిలో, ఇనప బీరువాలో పెడతాం. బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది గుమాస్తా దగ్గర. ఇద్దరం ఉంటే తప్ప తలుపు తెరుచుకోదు. మూశాక రెండు తలుపుల మీదుగా ఒక కాగితం పట్టీ అంటించి, తారీకు వేసి, ఇద్దరం దాని మీద సంతకాలు పెడతాం. మళ్లీ తెరిచేటప్పుడు పట్టీ చెక్కు చెదరలేదని చూసుకున్నాకే తాళాలు తీస్తాం. ఇంతవరకు రూలు. ఆపైన నా సొంత తెలివి. నా సంతకం కింద ఒక గీత ఉంటుంది. ఆ గీత చివర పెన్ను మొనతో ఒక చుక్క పెడతాను. ఆ చుక్క సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఇంటికి బయల్దేరే ముందు ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్లి, పట్టీ మూలల్ని గోటితో గీకి, గట్టిగా అంటుకుందో లేదో చూస్తాను.

మా గుమాస్తాను అందరూ సరేనండి అంటారు. ఏం చెప్పినా ఆయన నోట వచ్చే మాట అదే. నలభై అయిదేళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా ఈ బళ్లోనే పని, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఎప్పుడూ జిగురు సీసా. నేను కోప్పడినా సరేనండి, మెచ్చుకున్నా సరేనండి. మెచ్చుకోవడం తక్కువే అనుకోండి. అన్నిటికీ సరేననే మనిషిని నేను నమ్మను. కాదనాల్సినవన్నీ లోపల ఎక్కడో దాచుకుంటాడు కదా.

పరీక్షల పనిలో ఉండే వాళ్లందరూ, తమ దగ్గరి బంధువులు ఎవరైనా ఆ ఏడు పరీక్ష రాస్తున్నారో లేదో కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు చేసి చీఫ్‌కి ఇవ్వాలి. పందొమ్మిది కవర్లు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ వెలుతురుకెత్తి, నాలుగు మూలలూ తడిమి చూశాను. రెండు సరిగా అంటుకోలేదు. వాటిని వెనక్కి పంపి మళ్లీ అంటింపించాను. అన్నిటికీ నంబర్లు వేసి, రిజిస్టరులో ఎక్కించి, బీరువా పై అరలో పెట్టాను.

రెండు రోజుల తర్వాత గుమాస్తా నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"టీచరుగారూ, నా కవరు చూశారా?"

"చూశానయ్యా. భద్రంగా ఉంది."

"అది కాదండి, అందులో నేను..."

"పైన రహస్యం అని రాసింది నువ్వే కదా. మళ్లీ నువ్వే నలుగురిలో మాట్లాడితే ఎలా?"

"సరేనండి."

మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. "నాలుగు మూలలూ చూశాను, అందరికంటే నీదే బాగా అంటుకుంది" అన్నాను. ఏదో చెప్పబోయి, నీళ్లు నమిలి వెళ్లిపోయాడు. ఆ నీళ్లు నమలడాన్ని మాత్రం నేను మనసులో రాసుకున్నాను.

మొదటి రెండు పరీక్షలు సాఫీగా జరిగిపోయాయి. రెండోదానికీ లెక్కల పరీక్షకీ మధ్య ఒక రోజు సెలవు. సెలవు రోజు కూడా నేను బడికి వచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పట్టీ చూసుకుని వెళ్లాను.

లెక్కల పరీక్ష రోజు ఎనిమిదిన్నరకు ఇద్దరం బీరువా ముందు నిలబడ్డాం. పట్టీ తిన్నగా, నున్నగా ఉంది. నా సంతకం ఉంది. అక్షరాల వాలు నాదే, కింద గీత కూడా నాదే. గీత చివర చుక్క లేదు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు. పైకి ఏమీ అనకుండా గుమాస్తా వైపు చూశాను. రోజూ పట్టీ దగ్గరకు వంగి మరీ చూసే మనిషి, ఆ రోజు తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు చూస్తున్నాడు.

"అంతా సరిగ్గా ఉందంటావా?" అన్నాను.

"సరేనండి" అన్నాడు. అడిగినదానికి అది జవాబే కాదు.

పట్టీని చిరగకుండా ఊడదీసి నా సంచిలో పెట్టుకున్నాను. తాళాలు తీసి లెక్కల ప్యాకెట్లు బయటికి తీశాం. సీళ్ల మీది నంబర్లు రిజిస్టరుతో సరిపోయాయి. ఒక సీలు మీద మాత్రం వెంట్రుకవాసి పగులు కనిపించింది. లక్క అన్నాక ఎండకు పగులుతుంది, అలాంటివి ఎన్ని చూశానో నాకే తెలియదు. కానీ ఆ పూట ఆ పగులు నా కంటికి మామూలుగా కనిపించలేదు.

నా తాళంచెవి తాడుకు కట్టి నా మెడలోనే ఉంది. స్నానానికి కూడా తీయలేదు. మరి నా తాళం ఎలా తీశాడు? సబ్బు మీద అచ్చు తీసుకుని మారు తాళంచెవి చేయించి ఉంటాడు అనుకున్నాను. నా మెడలో ఉన్నదానికి ఆయన అచ్చు ఎప్పుడు తీశాడన్న సంగతి తట్టలేదు. అనుమానం మొదలయ్యాక లెక్కల టీచరు కూడా మెట్లు దాటేస్తుంది.

తొమ్మిదింటికి గేటు దగ్గరకు వెళ్లాను. పిల్లలు లోపలికి వస్తున్నారు. గుమాస్తా గోడ వారగా నిలబడి, వేరే బడి యూనిఫాంలో ఉన్న ఒక సన్నపాటి అమ్మాయి చేతిలో నాలుగుగా మడిచిన కాగితం పెట్టాడు. "వస్తా మామయ్యా" అంది ఆ పిల్ల. ఎవరినైనా పిలవగలిగే పిలుపే అది. కానీ ఆ నోట ఇంటి పిలుపులా వినిపించింది. చెరిగిన జుట్టును ఆయన సర్దిన తీరు చూస్తే ఇంక అడగాల్సింది ఏమీ లేదు. పక్కనున్న అటెండర్‌ని అడిగాను.

"ఆయన మేనకోడలండి. అక్కగారమ్మాయి. ఏడాది నుంచి ఆయన ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. మేనకోడలు పరీక్ష రాస్తుంటే తాళంచెవి పట్టుకు తిరుగుతాడా? పట్టీ మీద నా సంతకం పెడతాడా? చేతిలో కాగితం కూడా పెడతాడా? మూడు మెట్లూ కలిశాయి, జవాబు వచ్చేసింది. లోపలికి వెళ్లి పరీక్షల అధికారికి ఫోన్ చేశాను.

"సీళ్ల నంబర్లు సరిపోయాయా మేడమ్?" అన్నాడాయన.

"సరిపోయాయి. కానీ..."

"అయితే పరీక్ష ఆపకండి, మొదలుపెట్టించండి. నేను బయల్దేరుతున్నాను."

తొమ్మిదిన్నరకు గంట కొట్టారు. పదింటికి అధికారి వచ్చాడు. మా పెద్దబ్బాయి వయసుంటుంది. ఆయన వెంట తనిఖీ చేసే ఆవిడ ఒకరు. నేనే ముందు నడిచి ఆరో నంబరు గదికి తీసుకెళ్లాను. నేనే వేలు పెట్టి చూపించాను.

"అదిగో, మూడో బెంచీలో. ఆ పిల్లే."

గదిలో పిల్లలందరూ తలలెత్తారు. ఆ అమ్మాయి లెక్క మధ్యలో ఉంది. పెన్నుకు మూత పెట్టడం కూడా మరిచిపోయి లేచింది. బయట వరండాలో ఆవిడ పిల్ల చొక్కా చేతుల మడతలు, పెన్నుల డబ్బా, బూట్లు, జడ కూడా వెతికింది. నాలుగుగా మడిచిన కాగితం దొరికింది. విప్పితే అది హాల్ టికెట్.

"ఇంట్లో మరిచిపోయాను మేడమ్. మామయ్య తెచ్చి ఇచ్చాడు" అంది. ఏడవలేదు. "నేనేం చేశాను మేడమ్?" అని నన్నే అడిగింది. విచారణ తేలేదాకా వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు.

ఆఫీసు గదిలో పట్టీని అధికారి ముందు పెట్టి చుక్క కథ చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాననుకుంటాను. గుమాస్తా ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఆ సంతకం నేనే పెట్టానండి" అన్నాడు, ఎవరూ అడగకముందే.

"ఎందుకు?" అన్నాడు అధికారి.

"నిన్న సాయంత్రం గదికి తాళం వేద్దామని వెళితే పట్టీ ఒక పక్క ఊడి వేలాడుతోందండి. టీచరుగారు అప్పటికే ఇంటికెళ్లిపోయారు. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని కూడా పెట్టేశాను. కొత్తది అంటించి, ఇద్దరి సంతకాలూ పెట్టేశాను. తప్పేనండి."

"ఫోన్ ఎందుకు పెట్టేశారు?"

గుమాస్తా నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "రెండేళ్ల కిందట ఇలాగే పట్టీ ఊడితే, ఊడ్చే ఆమె గదిలోకి వెళ్లిందని టీచరుగారు ఒంటికాలి మీద లేచారండి. మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రానివ్వలేదు. ఫ్యాను గాలికి ఊడిందని తర్వాత తేలింది. కానీ ఆమెను మళ్లీ పిలవలేదు కదండి. నాకు భయమేసింది."

అది నిజమే. పిలవలేదు. పిలిస్తే నా తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని అప్పుడు నాకు తెలుసు.

గుమాస్తా తన సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "పాత పట్టీ పారేయబుద్ధి కాలేదండి." అందులో నా అసలు సంతకం ఉంది, గీత ఉంది, చివర చుక్క ఉంది. పట్టీ ఒక మూల మాత్రం గోటితో గీకి గీకి నూగులా లేచిపోయింది. ఆ గోటి గీతలు ఎవరివో ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

అధికారి నా మెడలోని తాళంచెవి చూపించమన్నాడు. బీరువా తాళాలు, తలుపులు, మిగిలిన ప్యాకెట్ల సీళ్లు అన్నీ ఒక్కొక్కటే చూశాడు. దానికే ముప్పావు గంట పట్టింది. తిరిగి వచ్చి, "మీ తాళంచెవి లేకుండా ఎవరూ తెరవలేరు. ఎవరూ తెరవలేదు" అని తేల్చాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగాడు. "సరే, సంతకం సంగతి తర్వాత చూద్దాం. మేనకోడలు పరీక్ష రాస్తోందని ఎందుకు దాచారు?"

"దాచలేదండి. రాసిచ్చాను."

"ఎవరికి?"

"టీచరుగారికండి. తాళంచెవి ఇంకెవరికైనా ఇప్పించమని కూడా అందులోనే రాశాను. రెండుసార్లు అడిగాను. భద్రంగా ఉందన్నారు."

మళ్లీ ముగ్గురం బీరువా దగ్గరకు వెళ్లాం. పై అరలో పదకొండో నంబరు కవరు. నేను ఎలా పెట్టానో అలాగే ఉంది, నాలుగు మూలలూ చక్కగా అంటుకుని. అధికారి దాన్ని చింపి, లోపలి కాగితం చదివి, నా చేతికిచ్చాడు. నాలుగంటే నాలుగు వాక్యాలు. మేనకోడలు ఈ కేంద్రంలోనే రాస్తోందట. తను తాళంచెవి పట్టుకోవడం సరి కాదట. వేరేవాళ్లకి అప్పగించమని ప్రార్థన. చెప్పడం ఆలస్యమైతే మన్నించాలట.

"ఇది ఎందుకు తెరవలేదు మేడమ్?"

"కవర్లు సీలుతో తీసుకుని రెండు తాళాల కింద పెట్టమని రూలు" అన్నాను.

"చదివి, అవసరమైన మార్పులు చేసి, ఆ తర్వాత పెట్టమని రూలు."

పై అర వైపు చూశాడు. పందొమ్మిది కవర్లలో పద్దెనిమిది ఇంకా అలాగే ఉన్నాయి. అన్నిటి సీళ్లూ నేను చూశాను. ఒక్క దాని లోపలా ఏముందో నాకు తెలియదు. సిగ్గుతో తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఫీసులో గడియారం పదకొండూ పదిహేను చూపిస్తోంది. కిటికీలోంచి వరండా బెంచీ కనిపిస్తోంది. ఆ పిల్ల మోకాళ్ల మీద వేలితో ఏదో లెక్క వేసుకుంటోంది.

"పేపరు బయటికి పోలేదు. అది తేలింది" అన్నాడు అధికారి. "ఇక ఆ అమ్మాయి సంగతి. గంటా పావు పోయింది. ముందు జాగ్రత్తగా అనుమానం మీద బయటికి పిలిచామని రాస్తే, తన జవాబు పత్రాన్ని విడిగా కట్టి కమిటీకి పంపాలి. ఫలితం ఎప్పుడు వస్తుందో చెప్పలేం, ఏడాది కూడా పట్టొచ్చు. పోయిన సమయం తిరిగి ఇవ్వాలంటే, తప్పు కేంద్రానిదని చీఫ్ రాసివ్వాలి. అలా రాస్తే మీ మీద విచారణ వస్తుంది. రిటైర్మెంటుకి మూడు నెలలే ఉన్నాయన్నారు కదా. ఆలోచించుకోండి."

గుమాస్తా ముందుకు వచ్చాడు. "నా మీద రాసుకోండి సార్. దొంగ సంతకం నాదే కదా. పిల్లను మాత్రం లోపలికి పంపండి. దానికి లెక్కలంటే ప్రాణం."

"మీరు రాస్తే చెల్లదు" అన్నాడు అధికారి.

అబద్ధం ఎందుకు, నేను ఆలోచించాను. మొదటి దారిలో నాకేమీ కాదు. ముందు జాగ్రత్త అంటే నన్నెవరూ తప్పు పట్టరు, పైగా మెచ్చుకుంటారు. సర్వీసు పుస్తకం తెల్లగానే ఉంటుంది. పిల్లకి ఏడాది పోవచ్చు, పోకపోనూవచ్చు. అంతా లెక్క వేశాను. వేసి తలెత్తేసరికి పెద్దముల్లు రెండు నిమిషాలు దాటింది. ఆ రెండు నిమిషాలు కూడా ఆ పిల్లవే. నా లెక్క నాకే అసహ్యమేసింది.

కాగితం తీసుకుని రాశాను. కవరు చదవకపోవడం నా తప్పు. పట్టీ నేను గీకడం వల్లే ఊడింది. విద్యార్థిని తప్పేమీ లేదు. కింద సంతకం పెట్టి, గీత గీసి, చివర చుక్క పెట్టాను. ఇది నా సంతకమేనా అని రేపు ఎవరికీ అనుమానం రాకూడదు కదా.

మెడలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను. గుమాస్తా కూడా తనది పెట్టాడు. రెండూ డ్రాయింగు మాస్టారికీ, సైన్సు టీచరుకూ చెరొకటి వెళ్లాయి, వాళ్ల కవర్లు తెరిచి చదివాక. దొంగ సంతకానికి గుమాస్తాకు మెమో తప్పదన్నాడు అధికారి. తప్పకూడదు కూడా. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను.

"సరేనండి" అన్నాడు గుమాస్తా. ఆ మాట వెనక ఎంత ఉంటుందో ఇరవై ఏళ్లలో మొదటిసారి తెలిసింది నాకు.

పిల్లకు నేనే చెబుతానని అడిగి వరండాలోకి వెళ్లాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి లేచి, అరచేతులు రెండూ తిప్పి చూపించింది. చేతుల మడతలు పైకి లాగింది. బూటు విప్పడానికి వంగుతుంటే భుజం పట్టుకుని ఆపాను.

"వద్దమ్మా. నీ తప్పేం లేదని తేలింది. వెళ్లి రాసుకో. పోయిన టైమంతా కలిపి చివర్లో ఇస్తారు."

"మధ్యలో మళ్లీ బయటికి పిలుస్తారా?"

"పిలవరు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నా కదమ్మా."

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే. రోజూ ఎదుటివాళ్ల మీద నేను పారేసే చూపే అది.

"రాసిస్తారా మేడమ్?" అంది మెల్లగా.

గోడకు కాగితం ఆనించి రాసిచ్చాను. ఆమె దాని మూలలు తడమలేదు, వెలుతురుకెత్తి చూడలేదు. అక్కడే నిలబడి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. చదివాకే గదిలోకి వెళ్లింది.